రియాక్టర్ నడిపే చేతులు



స్నాతకోత్సవంలో పెద్ద కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట నాకన్నా బాగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇన్నేళ్లూ టీకాలు, ప్రొటీన్ మందులు తయారయ్యే చోట కణాలను పెంచే బయోరియాక్టర్ల పక్కన పనిచేశాను. నాకు తెలిసింది అదే కాబట్టి దాని గురించే మాట్లాడతాను. బయట ఎండ మండుతోంది, బిర్యానీ వాసన లోపలికి వస్తోంది. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

మీరు రోజూ దాటే టోలీ మసీదు 1671లో మూసా ఖాన్ కట్టించింది. గోల్కొండ కోటకూ, 1578 నాటి పురానాపూల్‌కూ మధ్య దారిలో ఉన్న ఈ కార్వాన్ పేట అప్పట్లో వజ్రాల వర్తకులకు, సాహుకార్లకు నిలయం. రాయి కొల్లూరు గనిలోదైనా దాని ధర తేలాల్సింది ఇలాంటి బజారులో, త్రాసు మీద. తూచే చెయ్యి మీదా, రాసే పద్దు మీదా నమ్మకం లేకపోతే ఎంత గొప్ప రాయికైనా బేరం కుదరదు. ఇప్పుడు హైదరాబాద్ ప్రపంచానికి పంపే సరుకు మారింది. అవసరమైన నమ్మకం మాత్రం అదే.

ఆ సరుకు ఏమిటో చూడండి. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు మొదలుపెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి తెచ్చింది. హెపటైటిస్-బికి మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ టీకా అది. దాన్ని చేసింది ఈస్ట్ కణాలు. గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ పశువుల గాలికుంటు వ్యాధి టీకా కోసం పెంచేది బీహెచ్‌కే-21 అనే హ్యామ్‌స్టర్ కిడ్నీ కణాలను. డాక్టర్ రెడ్డీస్ 2007లో తెచ్చిన రెడిటక్స్ అనే క్యాన్సర్ మందుకు పుట్టిల్లు సీహెచ్‌ఓ కణాలు, అంటే చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాలు. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి పొందిన కోవాక్సిన్‌లోని వైరస్ పెరిగింది వీరో కణాల మీద. 1962లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో ఒక ఆఫ్రికన్ కోతి కిడ్నీ నుంచి తీసిన కణాల సంతతి అది.

మందు తయారుచేసేది కణం. మనం చేసేది దానికి కావలసినవి సమకూర్చి, కాపలా కాయడమే. ఈ కాపలా పనికి మన దేశంలో దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నది నా ఫిర్యాదు. యంత్రం కొన్నప్పుడు రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటో దిగుతారు. ఆ యంత్రంలో లీకు ఆపే ఓ-రింగ్ మార్చినప్పుడు ఎవరూ ఫొటో తీయరు. పరిశోధన సంస్థలు, కాలేజీలు చాలా తిరిగాను. ప్లాస్టిక్ కవరు కప్పి ఒక మూలన పెట్టిన ఖరీదైన రియాక్టర్లు ఎన్నో చూశాను. ఏమైందని అడిగితే దాదాపు ప్రతిచోటా అదే జవాబు. కొలిచే ప్రోబ్ పోయిందనో, నేర్చుకున్నతను వెళ్లిపోయాడనో, ఏఎంసీ, అంటే ఏటా మరమ్మతుల ఒప్పందం, రెన్యూ చేయలేదనో.

రియాక్టరు పాత్ర లోపలి సంగతి మీకు తెలుసు, అయినా మీ అమ్మానాన్నల కోసం ఒకసారి చెబుతాను. జంతుకణానికి 37 డిగ్రీల వేడి ఉండాలి, పీహెచ్ ఏడుకు కాస్త పైన ఉండాలి, ఆక్సిజన్ సరిపడా అందాలి, కలపడం నెమ్మదిగా సాగాలి. బ్యాక్టీరియాకు, ఈస్ట్‌కు ఉన్నట్టు దానికి గట్టి గోడ లేదు. కింది నుంచి పంపే గాలిబుడగ పైకొచ్చి పగిలినా దాని పొర చిరిగిపోతుంది. వీరో కణాలైతే మిల్లీమీటరులో అయిదో వంతు ఉండే పూసలకు అంటుకుని పెరుగుతాయి. కలిపే మోటారు ఆగిందంటే పూసలన్నీ అడుగుకు చేరి, కణాలకు ఊపిరి ఆడదు.

ఇక శత్రువు సంగతి. సీహెచ్‌ఓ కణం ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఈ-కోలై బ్యాక్టీరియాకు మంచి తిండి దొరికితే ఇరవై నిమిషాలు చాలు. లెక్క వేయండి. లోపల దూరిన ఒక్క బ్యాక్టీరియా ఎనిమిది గంటల షిఫ్టు ముగిసేసరికి కోటీ అరవై లక్షలు దాటుతుంది. ఆ లోపు మన కణం ఇంకా ఒక్కసారి కూడా చీలి ఉండదు. అందుకే ఈ పనిలో శుభ్రతకు సగం మార్కులు ఉండవు. మైకోప్లాస్మా ఇంకా గడుసుది. ద్రవం మబ్బుగా మారదు, మామూలు సూక్ష్మదర్శినికి చిక్కదు, 0.2 మైక్రాన్ల ఫిల్టరు నుంచి కూడా జారిపోగలదు. పరీక్ష చేయించుకున్నవాడికే అది ఉన్నట్టు తెలుస్తుంది.

ఈ ఊరికే చెందిన ఒక సమస్య చెబుతాను. మే నెల. మధ్యాహ్నం తెర మీద ఆక్సిజన్ అంకె దిగుతూ ఉంటుంది. కొత్తగా చేరిన ఆపరేటరు కలిపే వేగం పెంచుతాడు. నురుగు లేస్తుంది. నురుగు చూసి యాంటీఫోమ్ పోస్తాడు. అంకె ఇంకా దిగుతుంది. అతను చేసిన ప్రతి పనీ పుస్తకంలో ఉన్నదే. జబ్బు మాత్రం పాత్రలో లేదు, గది మూలన ఉన్న చిల్లర్‌లో ఉంది. అందులో పోసింది బోరు నీళ్లు. మన హైదరాబాద్ బోరు నీళ్లు వాడిన గీజర్ ఎప్పుడైనా విప్పి చూశారా? గొట్టాల లోపల తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. చిల్లర్‌కూ అదే గతి పట్టింది, దానికి మే ఎండ తోడైంది. చల్లటి నీరు అందక పాత్ర పైనున్న కండెన్సర్ వేడెక్కింది. బయటకు పోయే గాలిలోని తేమ చల్లబడి నీటిబొట్లుగా పాత్రలోకి తిరిగి రావాల్సింది పోయి, గాలి వెళ్లే ఫిల్టరును తడిపేసింది. తడిసిన ఫిల్టరు మూసుకుపోయింది. లోపల ఒత్తిడి పెరిగి గాలి రావడం తగ్గింది. గాజు పాత్రలో ఒత్తిడి పెరగడం చిన్న విషయం కాదు. ట్యూబు ఊడిపోవచ్చు, మూత దగ్గర లీకు కావచ్చు, గాజే పగలవచ్చు. ఇంత కథకూ మందు ఏమిటంటే చిల్లర్‌లో ఆర్‌ఓ నీళ్లు పోయడం, వేసవికి ముందే దాన్ని కడిగించడం, పక్కనే ఇంకో ఫిల్టరు స్టెరిలైజ్ చేసి సిద్ధంగా ఉంచుకోవడం. వందల రూపాయల పని. దాన్ని వాయిదా వేస్తే పోయేది రెండు వారాల కష్టం, లక్షల రూపాయల మీడియం.

ప్రోబ్‌ల విషయంలోనూ ఇంతే. పీహెచ్ ప్రోబ్‌ను ఆటోక్లేవ్‌కు ముందే 7, 4 బఫర్లతో కాలిబ్రేట్ చేయాలి. ఆక్సిజన్ ప్రోబ్‌ను ఆటోక్లేవ్ అయ్యాక, పాత్ర 37 డిగ్రీలకు వచ్చాక, నైట్రోజన్‌తో సున్నా, గాలితో వంద పెట్టాలి. పాతరకం పోలరోగ్రాఫిక్ ప్రోబ్ అయితే దానికి ముందు ఆరు గంటల పాటు కరెంటు ఇచ్చి ఉంచాలి. తొందరలో ఈ వరుస తప్పితే మొదటి రోజే తప్పుడు అంకెను నమ్ముతారు. పని అయ్యాక పీహెచ్ ప్రోబ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఇంటికి వెళ్లేవాళ్లున్నారు. శుభ్రంగా ఉంటుందని వాళ్ల నమ్మకం. దానికి కావలసింది పొటాషియం క్లోరైడ్ ద్రావణం. డిస్టిల్డ్ వాటర్‌లో పెడితే దాని ప్రాణం తీసినట్టే. ఇక ఆటోక్లేవ్‌లోకి పాత్ర పంపేటప్పుడు ఫిల్టరు ఉన్న ఒక దారి తెరిచి ఉందో లేదో మీ చేత్తో తాకి చూడండి. అన్నీ బిగించి 121 డిగ్రీలకు పంపిన గాజు పాత్ర ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంత చేసినా ప్రోబ్ రోజులు గడిచే కొద్దీ పక్కకు జరుగుతూనే ఉంటుంది. అందుకే రోజూ శాంపిల్ తీసి బయటి పీహెచ్ మీటరులో చూసి సరిపోల్చాలి. తెర మీద 7.1 అని పచ్చరంగులో మెరుస్తున్నా లోపల 6.8 ఉండవచ్చు. రాత్రి మూడింటికి తీయని రీడింగును ఆరింటికి ఊహించి రాయకండి. ఖాళీ గడి ఉంటే సూపర్‌వైజర్ తిడతాడు, నిజమే. తిట్లు సాయంత్రానికి మరచిపోతారు. కల్పించి రాసిన అంకె మాత్రం ఆ బ్యాచ్ చరిత్రలో నిజంగా నిలబడిపోతుంది, దాన్ని నమ్మి ఇంకొకరు నిర్ణయం తీసుకుంటారు.

పెద్ద దేశాల్లో ఇవన్నీ సాఫీగా జరిగిపోతాయనుకోకండి. 2009లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జెన్‌జైమ్ సంస్థ ప్లాంటు రియాక్టర్లలో వెసివైరస్ 2117 అనే వైరస్ బయటపడింది. మనుషులకు హాని చేస్తుందని తెలిసిన వైరస్ కాదు అది. సీహెచ్‌ఓ కణాలను మాత్రం పెరగనివ్వదు. ప్లాంటు ఆపి శుభ్రం చేయాల్సి వచ్చింది. గోషే, ఫాబ్రీ అనే అరుదైన జబ్బులున్నవాళ్లు ఆ ప్లాంటు మందుల మీదే బతుకుతున్నారు. మందు కొరత నెలల తరబడి సాగి, డోసులు తగ్గించుకోవాల్సి వచ్చింది. రియాక్టరు ఆగితే నష్టం కంపెనీ లెక్కల్లోనే ఉండిపోదని మీరు గుర్తుంచుకోవడానికి చెబుతున్నాను.

అమ్మానాన్నలతో ఒక మాట. ఒక్కసారి మొదలుపెట్టిన రన్ పది, పద్నాలుగు రోజులు నడుస్తుంది. కణాలకు ఆదివారం లేదు, రంజాన్ లేదు, బోనాలు లేవు. కాబట్టి మీ పిల్లలకు రాత్రి షిఫ్టులు ఉంటాయి. శామీర్‌పేట దాటి, ఈ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ దాకా కార్వాన్ నుంచి ప్రయాణం దూరమే. అబ్బాయిని పంపుతాం, అమ్మాయిని మాత్రం పంపం అని అనకండి. కంపెనీ బస్సు ఉందా, రాత్రి ఇంటి గుమ్మం దాకా దింపుతారా అని నిలదీసి అడగండి, అడగాల్సిందే. నేను పనిచేసిన చోట్ల లాగ్‌బుక్ అందరికన్నా నిక్కచ్చిగా రాసినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే.

మీ కాలేజీ ల్యాబ్‌లో మూడు లీటర్ల గాజు రియాక్టర్ ఒకటి ఉందని విన్నాను. పట్టా తీసుకుని వెళ్లేవాళ్లకు ఒక పని ఒప్పజెబుతున్నాను. వెళ్లేముందు రెండో సంవత్సరం పిల్లలను పక్కన పెట్టుకుని ఒక పూర్తి రన్ నడపండి. జంతుకణాలకు ఖర్చు ఎక్కువైతే ఈస్ట్‌తో నడపండి, కాలిబ్రేషన్ నుంచి కడిగి ఆరబెట్టేదాకా అన్నీ వాళ్ల చేతులతో చేయించండి. చేసిన వరుసను తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి గోడకు అంటించండి. ప్రిన్సిపాల్ గారూ, మీకూ ఒక విన్నపం. వచ్చే ఏడాది బడ్జెట్‌లో కొత్త యంత్రం అడిగే ముందు ఓ-రింగులు, ఫిల్టర్లు, బఫర్లు, ఒక అదనపు పీహెచ్ ప్రోబ్ కోసం వేరే పద్దు పెట్టించండి, ఏటా దాన్ని కొనసాగించండి.