పాలపళ్ళే కదా అని ఊరుకోవద్దు

(షోలాపూర్‌లో జరిగిన సభ్యుల కుటుంబ సమావేశంలో సంఘ కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు, కరువు భత్యం మాట్లాడే వేదిక మీద పిల్లల పళ్ళ ముచ్చట ఏమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ మొన్న మన సభ్యుని మూడేళ్ళ పాపను అంగన్‌వాడీలో తూచితే మళ్ళీ బరువు తక్కువే వచ్చింది. టానిక్కులు తాగించారు, తాయెత్తు కట్టించారు. నోరు తెరిచి చూసినవారు లేరు. చూస్తే ముందుపళ్ళు నల్లబడి అరిగిపోయాయి, దవడ పన్ను పుచ్చి చిగురు వాచింది. అన్నం పెడితే ఏడుస్తుంది, చాయ్‌లో ముంచిన బిస్కెట్టు ఇస్తే తింటుంది. అది మొండితనమని మనం అనుకున్నాం.

నొప్పి ఉన్న బిడ్డ నమలదు, రాత్రి నిద్రపోదు. పళ్ళు బాగా పుచ్చిన పసిపిల్లల్లో బరువు తక్కువగా ఉండటం వైద్యులు చాలాచోట్ల చూశారు. వైద్యం చేశాక పుంజుకున్న పిల్లలూ ఉన్నారు. అలాగని బక్కతనానికంతా పళ్ళే కారణమని మేము అనడం లేదు. ఇంట్లో పప్పు ఉడకకపోతే ఏ బ్రష్షూ బరువు పెంచదు, ఆ పోరాటం వేరే ఉంది. తీపి ఎక్కువై లావెక్కిన పిల్లలకూ పళ్ళు పుచ్చుతాయి, బొద్దుగా ఉన్నాడని మురిసిపోకండి.

మన ఇళ్ళలో పెద్ద చేటు రాత్రి పాలసీసా. తండ్రి సాంచెల మీద రాత్రి పాళీ చేసి వస్తాడు, తల్లి బీడీలు చుట్టి అలసిపోతుంది. బిడ్డ ఏడవకుండా చక్కెర పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడతాం. నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గుతుంది, ఆ తీపి తెల్లవార్లూ పళ్ళను పట్టుకొని ఉంటుంది. తల్లులను నిందించడానికి చెప్పడం లేదు. మేమూ మా ఇళ్ళలో అదే చేశాం.

మొదటి పన్ను వచ్చిన రోజు నుంచే తోమాలి. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, తర్వాత ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. ఏడెనిమిదేళ్ళ దాకా పెద్దవాళ్ళే దగ్గరుండి తోమాలి. మిశ్రీ పిల్లల దరి చేరనివ్వకండి, అది కాల్చిన పొగాకు. పెద్దల మిశ్రీ సంగతి మరో సభలో తేల్చుకుందాం. పాలపళ్ళు ఎలాగూ ఊడేవే అంటారు. దవడ పాలపళ్ళు పదేళ్ళు దాటేదాకా ఉంటాయి, అన్నేళ్ళు బిడ్డ వాటితోనే నమలాలి.

ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారి పిల్లలకూ వైద్యం వర్తిస్తుంది. 2013లో మొదలైన బాలల ఆరోగ్య పథకం కింద అంగన్‌వాడీకి వచ్చే డాక్టర్ల బృందం పళ్ళు కూడా చూడాలి, అడిగి చూపించండి. అయినా ఆస్పత్రికి పోతే ఒక దినం కూలి పోతుంది. అందుకే పన్ను పీకించే దాకా వాయిదా వేస్తున్నాం. పిల్లల వైద్యానికి జీతంతో సగం రోజు సెలవు ఇవ్వాలని ఈసారి డిమాండ్లలో చేరుస్తున్నాం. ఎవరికి ఎన్ని దినాల కూలి పోయిందో రాసి వచ్చే ఆదివారంలోగా సంఘం ఆఫీసులో ఇవ్వండి. లెక్క చేతిలో లేకుండా యాజమాన్యం ముందు కూర్చోలేం.