పౌరస్వాతంత్ర్యము: 1920 నాటి యొక పాఠము

పౌరస్వాతంత్ర్యమను మాట వినినంతనే మనకు సభలు, ఊరేగింపులు, మహోపన్యాసములు స్ఫురించును. కాని ఆ స్వాతంత్ర్యము నిలుచునో కూలునో పెక్కుసారులు తేలునది కచేరీలోని యొక బల్లపైన, ఒక కాగితముల కట్టలో. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1920లో జరిగిన యొక వృత్తాంతమును ఇందుకు నిదర్శనముగా శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మొదటి ప్రపంచ యుద్ధము 1918 నవంబరులో ముగిసెను. అంతకు ముందే రష్యాలో విప్లవము జయించియుండెను. 1919లో అమెరికా ఉక్కు కర్మాగారములలోను, బొగ్గు గనులలోను లక్షలకొలది కార్మికులు సమ్మె చేసిరి. ఆ యేడు జూన్ 2వ తేదీ రాత్రి ఎనిమిది నగరములలో బాంబులు ప్రేలెను. అందొకటి న్యాయశాఖకు అధిపతియైన అటార్నీ జనరల్ మిచెల్ పామరు ఇంటి వాకిటనే ప్రేలెను. బాంబులు వేసినవారిని పట్టి, విచారించి, శిక్షించుట ప్రభుత్వ ధర్మము. ఇందు వివాదము లేదు. అయితే ఆ నేరమునకు ఎవరును న్యాయస్థానమున శిక్షింపబడలేదు. ప్రభుత్వ హస్తము మరియొక దిక్కునకు సాగెను.

1920 జనవరి 2వ తేదీ రాత్రి 30కి పైగా నగరములలో ఏకకాలమున సోదాలు జరిగెను. వేలకొలది జనులు నిర్బంధింపబడిరి. పెక్కుర విషయమున వారంటైనను లేదు. డిట్రాయిట్ నగరమున సుమారు 800 మందిని ఒక ప్రభుత్వ భవనములోని యిరుకు నడవలో దినముల తరబడి కూర్చుండబెట్టిరి. బోస్టనులో ఖైదీలను సంకెళ్లతో వీథుల వెంట నడిపించిరి. వీరిలో అధికులు పౌరసత్వము పొందని వలస కూలీలు. బలప్రయోగముతో ప్రభుత్వమును కూలద్రోయవలెనని బోధించు సంఘములలో సభ్యుడైన విదేశీయుని దేశమునుండి వెడలగొట్టవచ్చునని 1918 నాటి శాసనము చెప్పుచుండెను. వెడలగొట్టుట శిక్ష కాదు, పాలనా చర్య మాత్రమేనని నాటి న్యాయసిద్ధాంతము. కావున జ్యూరీ లేదు, నిర్ణయము అధికారిదే. న్యాయవాదిని పెట్టుకొను హక్కు కలదని విచారణారంభముననే ఖైదీకి తెలుపవలెనను నియమమును సైతము సోదాలకు కొలదిదినముల ముందే సడలించిరి.

ఆ 1919 మార్చిలోనే మన దేశమున రౌలట్ చట్టము వచ్చెను. వకీలు లేదు, అప్పీలు లేదు అని మన ప్రజలు మొరపెట్టిన చట్టమది. వేర్వేరు ఖండములలో భయము పలికిన భాష యొక్కటియే!

అయితే పామరు ఒక విషయమును లెక్కలోనికి తీసికొనలేదు. పట్టుట న్యాయశాఖ పని యైనను, వెడలగొట్టు ఉత్తరువుపై సంతకము చేయవలసినది కార్మికశాఖ. 1920 మార్చిలో ఆ శాఖ బాధ్యత తాత్కాలికముగా సహాయ కార్యదర్శి లూయీ పోస్టు చేతికి వచ్చెను. ఆయన 70 ఏండ్ల వృద్ధుడు, పూర్వము పత్రికాసంపాదకుడు. ఆయన కట్టలు తెప్పించి ఒక్కొక్కటియే చదువసాగెను. ఈ మనుష్యుడు తాను సభ్యుడనని యెరిగి చేరినాడా? లేక పాత సంఘపు పట్టికనుండి వాని పేరు క్రొత్త సంఘపు పట్టికకు వానికే తెలియకుండ ఎక్కినదా? వాని వాంగ్మూలము న్యాయవాది లేకుండ తీసినదా? ఈ ప్రశ్నలకు నిలువని వారంటులను ఆయన రద్దు చేసెను. అట్లు రద్దయినవి 1500కు పైబడెను.

ఆయన విప్లవవాదుల పక్షపాతి యని కొందరు నిందించిరి. కాని 1919 డిసెంబరు 21న ‘బూఫర్డు’ ఓడపై 249 మందిని రష్యాకు పంపినపుడు, వారిలోని ఎమ్మా గోల్డ్‌మన్‌ను వెడలగొట్టు ఉత్తరువుపై సంతకము చేసినదియు ఆయనయే. చట్టము ఒప్పినచోట సంతకము చేసెను, ఒప్పనిచోట చేయడాయెను. అంతియే భేదము.

ఫలితముగా ఆయనపై అభిశంసన యత్నము జరిగెను. 1920 మేలో ప్రతినిధి సభ సంఘము ఎదుట నిలిచి ఆయన వివరముగా సమాధానము చెప్పెను. ఆ యత్నము వీగిపోయెను. ఆ నెలలోనే ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టరు, రాస్కో పౌండు మున్నగు పన్నిద్దరు న్యాయకోవిదులు న్యాయశాఖ అక్రమములపై నివేదికను ప్రకటించిరి. జూనులో బోస్టను న్యాయమూర్తి జార్జి ఆండర్సను సోదాల తీరును తీవ్రముగా ఖండించెను. మే మొదటి తేదీన తిరుగుబాటు వచ్చునని పామరు హెచ్చరించియుండెను. ఆ దినము ప్రశాంతముగా గడిచిపోయెను. చివరకు దేశమునుండి పంపబడినవారు కొన్ని వందలమంది మాత్రమే.

నాడే, 1920 జనవరిలో, రోజర్ బాల్డ్విను మున్నగువారు అమెరికా పౌరస్వాతంత్ర్య సంఘమును స్థాపించిరి. యుద్ధమును విమర్శించి 1918లో చేసిన యొక ఉపన్యాసమునకుగాను 10 ఏండ్ల శిక్ష పడిన సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్సు, కారాగారమునుండియే 1920 అధ్యక్ష ఎన్నికలో నిలిచి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు పొందెను. రాజకీయ ఖైదీల విడుదలకై దేశమంతట విన్నపములు సాగెను. ఆ యెన్నికలో గెలిచిన హార్డింగు అధ్యక్షుడే ఆయన శిక్షను తగ్గింపగా, 1921 క్రిస్మస్ నాడు డెబ్సు విడుదలయ్యెను. మన దేశముననూ 1936లో రవీంద్రనాథ ఠాకూరు గౌరవాధ్యక్షతన, నెహ్రూ ప్రోద్బలమున భారత పౌరస్వాతంత్ర్య సంఘము వెలసెను.

మనకు నచ్చిన మాట పలుకువానికి రక్షణతో పని లేదు. వానికి మన చప్పట్లే చాలును. నచ్చని మాట పలుకువానికే చట్టముయొక్క అండ కావలయును. ఆ యండ వానికి తప్పిననాడు రేపు మనకును తప్పును. కచేరీలో కూర్చుండి యెదుటివాని కాగితమును తుదివరకు చదువు ఓపికయే, భయము పెచ్చుపెరిగిన దినములలో, స్వాతంత్ర్యమునకు గట్టి కావలి యని మేము తలంచుచున్నాము.