నాభి తిని బతికే పురుగు

వానలు పడ్డాక పెందుర్తి దగ్గరి సింహాచలం కొండల అంచున పొదల్లో వెతకండి. ఆకు కొసనే నులితీగగా చుట్టుకుని పైకెక్కే అడవినాభి కనిపించవచ్చు. రేకులు మొదట పసుపు, పోనుపోను నిప్పురంగు. మొక్కంతా విషమే, దుంప మరీను. అందులోని కాల్చిసిన్ మనిషి ప్రాణం తీయగలదు.

అయినా ఒక గొంగళిపురుగుకు అదే విందు! నల్లటి ఒంటిమీద తెల్లచుక్కలు, ఎర్రమచ్చలు. ఆకు, మొగ్గ, పువ్వు దేన్నీ వదలదు. కడుపు నిండాక మట్టిలోకి దిగి, కొన్నాళ్లకు రంగురంగుల రెక్కలతో పైకి లేస్తుంది.

గౌట్ అనే కీళ్లజబ్బు మందులో వాడే కాల్చిసిన్ కోసం తమిళనాడు రైతులు నాభిని సాగుచేస్తారు. వాళ్లకు ఈ పురుగు చీడ. మన కొండకు మాత్రం సొంత బిడ్డే. చూసి మురవండి, మొక్కను ముట్టకండి.