గంటల లెక్క ఎవరు రాయాలి?

కార్వేటినగరంలో ఇంట్లోనే కూర్చుని పుత్తూరు బట్టల కొట్టుకో, అమెరికా కంపెనీకో వెబ్‌సైట్లు చేసిపెట్టే వాళ్లకు ఈ నాలుగు మాటలు. బిల్లు రాసే రోజున ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో ఎవరికి గుర్తుంటుంది?

ఎస్తోనియాలో 2006లో పుట్టిన టాగుల్, ఆ తర్వాత వచ్చిన క్లాకిఫై అనే యాప్‌లు ఆ లెక్క రాసిపెడతాయి. రెండింటికీ ఉచిత ప్లాన్లున్నాయి. ముందు ఒక్క క్లయింటుతోనే మొదలుపెట్టండి. క్లయింటు పేరు, దాని కింద ప్రాజెక్టు చేర్చండి. టైమ్ జోన్ కోల్‌కతా అని ఉందో లేదో చూసుకోండి, లేదంటే రాత్రి చేసిన పని వేరే తేదీలో పడుతుంది.

పనిలో కూర్చోగానే టైమర్ నొక్కి, చేసేదేమిటో రాయండి. ఉత్త ‘డిజైన్’ అంటే చాలదు. ‘మొదటి పేజీలో చీరల ఫొటోలు మార్చడం, రెండోసారి’ అని ఉంటే క్లయింటు బేరమాడడానికి కాస్త వెనకాడతాడు. ఫోన్లో మాట్లాడిన పది నిమిషాలూ ఎక్కించండి. నన్నడిగితే డబ్బు కారిపోయేది అక్కడే. మధ్యలో కరెంటు పోతే కంప్యూటర్ ఆగుతుంది గానీ టైమర్ ఆగదు, ఫోన్లో యాప్ తెరిచి ఆపేయండి. అన్నానికి లేచి ఆపడం మరిచినా తర్వాత దిద్దుకోవచ్చు, కాకపోతే ఆ రోజే దిద్దాలి.

గుత్తకు ఒప్పుకున్న పనికీ గంటలు రాయండి. వచ్చేసారి ఎంత అడగాలో ఆ గంటల లెక్కే చెబుతుంది.