బడి విడిచాక ఒక గంట

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటేటా ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల గురించి, పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి, రంజాను తోఫాల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. ఈ ఏడు మాత్రం మేము ఒక చిన్న కోరిక కోరదలచి నిలబడ్డాం. పిల్లలకు బడి విడిచిన తర్వాత ఒక గంట, ఒక ఖాళీ స్థలం, ఒక బంతి కావాలి. అంతే. ఇది విని కొందరు పెద్దలు నవ్వవచ్చును. చివరిదాకా వినమని మనవి.

సాయంత్రం నాలుగు గంటలకు బడి గంట కొడుతుంది. ఆ తర్వాత మన పిల్లలు ఎటు పోతున్నారో చూస్తున్నారా? కొందరు అరబ్బీ చదువుకు పోతారు, సంతోషం. కొందరు మెకానిక్ షెడ్డుకో పంక్చరు షాపుకో పోయి పానాలు అందిస్తారు. ఆడపిల్లలు మగ్గం పని ముందు కూర్చుంటారు. మిగిలినవారు అరుగుల మీద ఫోను చుట్టూ మూగుతారు. షెడ్డుకు సాయంత్రం పోయిన పిల్లవాడు ఆరు నెలలు తిరిగేసరికి మధ్యాహ్నం నుంచే పోతాడు. మరుసటి ఏడు హాజరుపట్టీలో వాడి పేరు ఉంటుంది, వాడు ఉండడు. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడికి పోనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఉర్దూ మీడియం బడుల్లో పాఠం చెప్పే మాకు ఆ లెక్క కాగితం మీది అంకె కాదు. అది ఖాళీగా ఉన్న బెంచీ.

పిల్లవాణ్ణి బడికి కట్టిపడేసేది ఒక్క పుస్తకమే కాదు. సాయంత్రం ఆట ఉందంటే పొద్దున జ్వరమని చెప్పడు. ఇది ప్రతి పంతులుకూ తెలిసిన సంగతే.

అయితే ఫుట్‌బాలే ఎందుకు? క్రికెట్టుకు బ్యాటు కావాలి, ప్యాడ్లు కావాలి, గ్లౌజులు కావాలి. ఒకడు ఆడుతుంటే పదిమంది నిలబడి చూడాలి. ఫుట్‌బాలుకు ఒక్క బంతి ఉంటే ఇరవైమంది పరుగెత్తవచ్చు. అంతకన్న పెద్ద కారణం ఇంకొకటుంది. ఈ ఆటలో మన దేశానికి దారి చూపించినవారు ఒక బడిపంతులు. ఆయన మన పొరుగునే ఉన్న హైదరాబాదువారు.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909లో పుట్టారు. కాచిగూడ మిడిల్ స్కూలులో, తర్వాత ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత నెత్తిన వేసుకున్నారు. 1943 నుంచి చివరిదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం వచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ బంగారు పతకం. ఆ మరుసటి సంవత్సరమే, 1963 జూన్‌లో, క్యాన్సరుతో ఆయన కన్నుమూశారు. 2024లో ఆయన జీవితం మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చినప్పుడు గాని మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలియలేదు.

రహీం సాబ్ దగ్గర విదేశీ సామాను లేదు, పచ్చగడ్డి స్టేడియాలు లేవు. బంతి ఎక్కువసేపు కాలి దగ్గర పెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి అందించమని నేర్పారు. రెండో కాలు కూడా పనిచేయాలని, బలం లేని కాలితోనే తన్నాలనే నియమంతో పోటీలు పెట్టించారు. వీటిలో దేనికీ డబ్బు అక్కరలేదు. ఓపిక కావాలి, బుర్ర కావాలి.

ఇంకొక మాట జాగ్రత్తగా వినండి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఉండేవాడు. రహీం సాబ్ అతని ఆట చూసి శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి డబ్బులు లేవన్నాడు కుర్రవాడు. సైకిలు అద్దెకు తీసుకొమ్మని రహీం సాబ్ తన జేబులోంచి డబ్బులిచ్చారు. ఆ బలరామే మెల్‌బోర్న్‌లో ఆడాడు, 1960లో రోం ఒలింపిక్స్‌లో ఆడాడు, జకార్తాలో బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. 2023లో ఆయన చనిపోయినప్పుడు దేశమంతా స్మరించుకుంది. సైకిలు అద్దె దగ్గరే ఆగిపోయి ఉంటే బలరాం అనే పేరు ఎవరికి తెలిసేది? మన ముహల్లాలో ఇలాంటి పిల్లలు ఎంతమంది సైకిలు అద్దె దగ్గర ఆగిపోతున్నారో లెక్కపెట్టినవారు లేరు.

పేదపిల్లను మైదానానికి దూరం చేసేవి మూడున్నాయి. ఒకటి ఫీజు, రెండు గడియారం, మూడు బట్టలు. మూడింటికీ మా దగ్గర జవాబు ఉంది.

మొదటిది ఫీజు. పట్నాల్లో ప్రైవేటు శిక్షణకు నెలకు వెయ్యి, పదిహేను వందలు తీసుకుంటున్నారు. రోజుకూలి ఇంట్లో అది నెల బియ్యం డబ్బు. మేము 40 మంది పిల్లలకు, వారానికి నాలుగు రోజులు, పది నెలలకు లెక్క వేశాం. 12 బంతులకు 7,200 రూపాయలు. రెండు జట్లు తేడా తెలిసేందుకు 20 రంగు బనియన్లకు 1,600. గాలిపంపు, గుర్తులు పెట్టే శంకులు, మందులపెట్టె కలిపి 2,200. కొనలేని 20 మందికి బూట్లకు 7,000. శిక్షణ ఇచ్చే యువకుడికి నెలకు 4,000 చొప్పున 40,000. ఆట అయ్యాక ఒక అరటిపండో, గుప్పెడు ఉడికిన వేరుశనక్కాయలో ఇవ్వడానికి 25,600. మొత్తం 83,600 రూపాయలు. తలకు నెలకు 209 రూపాయలు పడుతుంది. బంతులు కొనేటప్పుడు వయసు చూడాలి. ఎనిమిదేళ్ళ లోపు వారికి 3వ నంబరు, పన్నెండేళ్ళ దాకా 4వ నంబరు, ఆపైన 5వ నంబరు. పెద్ద బంతితో చిన్నపిల్లలు ఆడితే కాలు నొప్పి తప్ప ఆట రాదు.

ప్రభుత్వ బడులకు సమగ్ర శిక్ష పథకం కింద ఆటసామాను కోసం సంవత్సరానికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు నిర్ణయించారు. హెడ్మాస్టరుగారిని గౌరవంగా అడిగితే మన బంతుల ఖర్చులో కొంత తగ్గుతుంది. ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది గనుక బడి మైదానం వాడుకోవడానికి లిఖితపూర్వకంగా అనుమతి కోరుదాం. జకాత్ సొమ్మును దీనికి ముట్టవద్దు. అది దాని హక్కుదార్లకే చెందాలి. ఇందుకు వేరే చందా పుస్తకం, వేరే లెక్క ఉండాలి.

రెండోది గడియారం. “ఆట మరిగితే నమాజు పోతుంది, అరబ్బీ చదువు పోతుంది” అని పెద్దలు భయపడతారు. ఆ భయం మాకూ అర్థమవుతుంది. అందుకే అసర్ నమాజు అయ్యాక మొదలుపెట్టి, మగ్రిబ్ అజాన్‌కు పావుగంట ముందు ఆపేద్దాం. పిల్లలు కాళ్ళు కడుక్కుని వుజూ చేసుకునే వ్యవధి ఉంటుంది. మౌల్వీసాబును అడిగి, అరబ్బీ తరగతి మగ్రిబ్ తర్వాతకు మారుస్తారేమో కనుక్కుందాం. రంజానులో పరుగులు మానేసి, వారానికి ఒక్కరోజు కూర్చోబెట్టి ఆట నియమాలు చెబుదాం. 2021 ఏప్రిల్‌లో ఇంగ్లాండులో లెస్టర్ సిటీ, క్రిస్టల్ ప్యాలెస్ జట్ల మధ్య మ్యాచ్ జరుగుతుండగా ఉపవాసమున్న ఆటగాడు ఇఫ్తారు చేసుకోవడానికి ఆటను క్షణంసేపు నిలిపారు. అంత పెద్ద పోటీలోనే వీలైనప్పుడు మన బడి మైదానంలో వీలుకాదా?

మూడోది బట్టలు. ఇక్కడ మా తల్లులతో, అక్కచెల్లెళ్ళతో మాట్లాడాలి. ఆడపిల్ల ఆడాలంటే నిక్కరే వేసుకోవాలన్న నియమం ఏదీ లేదు. పొడుగు పాజామా, పొడుగు చేతుల బనియను వేసుకుని ఆడవచ్చు. తల కప్పుకునే గుడ్డ కారణంగా 2011లో ఇరాన్ అమ్మాయిల జట్టును ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడనివ్వలేదు. తర్వాత నియమం మారింది. 2014 మార్చి నుంచి తలకప్పును అధికారికంగా అనుమతించారు. నల్లగానో, జట్టు బనియను రంగులోనో ఉండాలి, పిన్నుల వంటివి ఉండరాదు, అంతే. 2023లో మహిళల ప్రపంచకప్పులో మొరాకో అమ్మాయి నౌహైలా బెన్‌జినా తల కప్పుకునే ఆడింది. ఆ మ్యాచ్‌లో మొరాకో దక్షిణ కొరియాను ఓడించింది. మన రాష్ట్రంలోనే అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థవారు పేద పల్లెపిల్లలకు, ఆడపిల్లలకు సైతం ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చారు. ఆడపిల్లలకు విడిగా రెండు రోజులు కేటాయిద్దాం. మా పంతులమ్మలు దగ్గరుంటామన్నారు. తల్లులు వచ్చి కూర్చుని చూడవచ్చు. మగ్గం మీద వంగి వంగి పదమూడేళ్ళకే నడుము నొప్పి అనే పిల్లలు మా తరగతుల్లో ఉన్నారు. వాళ్ళకు ఈ గంట మందు వంటిది.

ఇక అన్నిటికన్న కష్టమైన ప్రశ్న. ఈ మాట బయటికి రాగానే ఒక పెద్దమనిషి మమ్మల్ని సూటిగా అడిగారు: “మన చందా సొమ్ముతో ఇతరుల పిల్లలకెందుకు పంతులుగారూ?” మైదానం పక్కనే ఎస్సీ కాలనీ ఉంది. రిక్షా తొక్కేవారి ఇళ్ళు, చెప్పులు కుట్టేవారి ఇళ్ళు ఉన్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడే మన నూర్‌బాషా సోదరుల పిల్లలూ ఉన్నారు. ఉర్దూ రాదని వాళ్ళు మన సభలకే రావడానికి మొహమాటపడతారు. వీళ్ళందరూ కంచె అవతల నిలబడి చూస్తుంటే, మన పిల్లలు మాత్రం బంతి తన్నాలా?

రహీం సాబ్ ఆ లెక్కే వేసి ఉంటే బలరాంకు సైకిలు అద్దె ఇచ్చేవారు కాదు. జకార్తా జట్టును చూడండి. కెప్టెన్ చునీ గోస్వామి బెంగాలీ. గోలులో పీటర్ తంగరాజ్ క్రైస్తవుడు, మన హైదరాబాదువాడే. తలకు గాయమైనా కుట్లతోనే దిగి గోలు కొట్టిన జర్నైల్ సింగ్ సిక్కు. యూసుఫ్ ఖాన్ హైదరాబాదు ముస్లిం. వీళ్ళను వేరువేరు వరుసల్లో నిలబెట్టి ఉంటే ఆ పతకం ఏ వరుసకూ వచ్చేది కాదు. కావున మా విన్నపం ఏమంటే, 40 చోట్లలో కనీసం 15 ఇతర బస్తీల పిల్లలకు ఇవ్వాలి. శిక్షకుడు ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పాలి. జట్లు విడదీసేటప్పుడు ఒకే గల్లీవారు ఒకే జట్టులో ఉండకూడదు. బంతి కావాలంటే పక్కవాణ్ణి పేరు పెట్టి పిలవాలి. పేరు పెట్టి పిలిచే అలవాటు పిల్లప్పుడు పడితే పెద్దయ్యాక ఊరికే మేలు.

ఇందులోంచి రేపే ఒలింపిక్ ఆటగాళ్ళు పుడతారని మేము చెప్పం. చెప్పగలిగింది ఒక్కటే. ఈ గంట ఉంటే మా హాజరుపట్టీలో పేర్లు నిలబడతాయి. ఏడాది తర్వాత ఇదే వేదిక మీద ఆ పట్టీ తెచ్చి చూపిస్తాం. పిల్లలు నిలబడకపోతే ఈ ఖర్చు ఆపేయమని మేమే అంటాం.

అయిదుగురితో ఒక చిన్న ఉపసంఘం వేయండి. అందులో ఇద్దరు తల్లులు ఉండాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచిన రెండో వారం నుంచే మొదలుపెడదాం. మైదానంలో ముళ్ళకంపలు, గాజుపెంకులు ఉన్నాయి. అవి ఏరడానికి రెండు ఆదివారాలు పొద్దున్నే రమ్మని మన యువకులకు విజ్ఞప్తి. చందా పుస్తకం కోశాధికారిగారి దగ్గర ఉంది. మొదటి పేజీలో మా ఉపాధ్యాయులం తలా ఒక నెల వాటా రాశాం. మిగతా పేజీలు మీవి.

వస్సలాం.