‘వైరస్ ఉంది’ అంటే ‘గర్భసంచి తీసేయాలి’ అని కాదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



నేను ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. మీలాగే పొదుపు సంఘం సభ్యురాలిని. ఈ ఏడాది మా సంఘంలో ఒక చెల్లెలు అరవై వేలు అప్పు కావాలంది. ఎందుకమ్మా అంటే, “పరీక్షలో వైరస్ ఉందంటక్కా. గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుందన్నారు” అని ఏడ్చింది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. కాయితం తీసుకుని చూశాను. హెచ్‌పీవీ ఉంది, అది 16 కాదు, 18 కాదు, వేరే రకం అని ఉంది. క్యాన్సర్ అన్న మాట ఎక్కడా లేదు.

అందుకే ఈ నెంబర్ల సంగతి మీకు చెప్పాలనుకున్నాను. హెచ్‌పీవీ అనేది ఒక్క వైరస్ కాదు. రెండు వందలకు పైగా రకాలున్నాయి, అందుకే నెంబర్లు పెట్టారు. వాటిలో క్యాన్సర్ తెచ్చే గుణం ఉన్నవి పద్నాలుగు దాకా ఉంటాయి. 6, 11 లాంటివి పులిపిర్లు తెస్తాయి గానీ క్యాన్సర్ తేవు.

మనకు దగ్గర్లోనే, హైదరాబాద్ పక్కన మేడ్చల్‌లో, ఊళ్లో ఆడవాళ్లకు ఈ పరీక్ష చేశారు. ఆ లెక్కలు 2005లో అచ్చయ్యాయి. నూటికి పదిమందిలో ప్రమాదం ఉన్న రకాలు కనబడ్డాయి. ఎక్కువగా కనబడ్డవి 52, 16. అదే పరిశోధనలో క్యాన్సర్ వచ్చినవాళ్ల గడ్డలు కూడా పరీక్షించారు. వైరస్ దొరికిన గడ్డల్లో మూడింట రెండు వంతులు 16వ రకమే. 18వది ఐదింట ఒక వంతు. ఊళ్లో అంతగా కనబడ్డ 52 మాత్రం అక్కడ నూటికి మూడే.

చూశారా? ఊళ్లో ఎక్కువ కనబడేదీ, ప్రాణం మీదికి ఎక్కువ తెచ్చేదీ ఒకటే కాదు. దేశం మొత్తం మీద ఏ సమయంలో చూసినా నూటికి ఐదుగురు ఆడవాళ్లలో 16 గానీ 18 గానీ ఉంటుందని అంచనా. ఆ ఐదుగురికీ క్యాన్సర్ వస్తుందని కాదు. వైరస్ సోకినవాళ్లలో చాలామందికి ఒకటి రెండేళ్లలో ఒంట్లో శక్తే దాన్ని తరిమేస్తుంది. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయినదే ప్రమాదం. అది క్యాన్సర్‌గా మారడానికి కూడా మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఒంట్లో శక్తి తగ్గినవాళ్లకు, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఇంకా తొందరగా రావచ్చు.

మరి పరీక్షలో ఉందని వస్తే ఏం చేయాలి? “ఏ రకం?” అని అడగండి. 16 గానీ 18 గానీ అయితే ఆలస్యం చేయకుండా కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్ష, చేయించుకోవాలి. వేరే రకమైతే ఇంకో పరీక్ష చేస్తారు, లేదా ఏడాదికి మళ్లీ రమ్మంటారు. మచ్చ ఉంటే ఆ మచ్చ వరకే చల్లదనంతోనో వేడితోనో పోగొడతారు. సంచి సంచిలాగే ఉంటుంది. సంచి తీయాల్సిన జబ్బులు ఉన్నాయి, కాదనను. కానీ వైరస్ ఉందన్న ఒక్క కారణానికి తీయక్కర్లేదు.

ఇంకో మాట. ఇది ఆలుమగల కలయికలో వచ్చేదే. కానీ ఏళ్ల తరబడి కనబడకుండా ఉండగలదు. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఆ కాయితం చెప్పదు. కోడల్ని అనుమానించడానికో, మొగుణ్ని నిలదీయడానికో దాన్ని వాడొద్దు.

ఆడపిల్లలకు తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపు టీకా వేయిస్తే మంచిది. మన దేశంలో తయారయ్యే సెర్వావాక్ 6, 11, 16, 18 రకాలను అడ్డుకుంటుంది. మిగతా రకాలున్నాయి కాబట్టి, టీకా వేయించుకున్న పిల్ల కూడా ముప్పై దాటాక పరీక్ష చేయించుకోవాలి.

గ్రామ సంఘాలకు నా విన్నపాలు మూడు. ముప్పై దాటిన సభ్యుల పేర్లు రాసి, పరీక్ష కాని వాళ్లను ఏఎన్ఎం దగ్గరికి పంపండి. ముట్లు నిలిచాక రక్తం కనబడినా, కలిసినప్పుడు రక్తం వచ్చినా, వాసనతో నీళ్లు పోతున్నా శిబిరం కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. గర్భసంచి ఆపరేషన్‌కని అప్పు అడిగితే కాదనొద్దు. “ఇంకో డాక్టరుకు చూపించావా అమ్మా?” అని మాత్రం అడగండి.

మా చెల్లెల్ని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాం. చూసి, మచ్చేమీ లేదు, ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. సంక్రాంతి దాటాక వెళ్లాలి, నేనే తోడు వెళ్తాను. అప్పు మాత్రం తీసుకుంది. గేదెను కొన్నది.