కుంటు గుర్రమునకు ఉలవలు మాన్పుడు



గుర్రమనగానే ఉలవలు జ్ఞప్తికి వచ్చుట తెలుగునాట సహజము. 1310లో ఓరుగంటి ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫూరునకిచ్చిన కప్పములో 7000 గుర్రములుండెనని బరనీ వ్రాసెను. నాటి గుర్రము దినమంతయు పరుగిడి తినెడిది. నేటి గుర్రము పెండ్లి ఊరేగింపులలో కొన్ని దినములు నడచి, తక్కిన కాలము కొట్టమున నిలిచియే ఉలవలును బెల్లమును తినుచున్నది.

ఇట్టి గుర్రమునకు మెడపై క్రొవ్వు గట్టిపడి దిమ్మవలె లేచును. యజమాని దానిని పుష్టియని సంతసించును. ఉలవలలో నూటికి 22 పాళ్లు మాంసకృత్తులున్నను, సగమునకు మించి పిండిపదార్థములే. అవి జీర్ణమై రక్తములో చక్కెర హెచ్చగా, దానిని అణచుటకు ఇన్సులిన్ అను గ్రంథిరసము ఊరును. ఈ రోగముగల గుర్రములలో అది మితిమీరి, గిట్టలోని మెత్తని పొరలను చెఱచును. 2007లో ఆరోగ్యముగల పోనీలకు ఇన్సులిన్ ఎక్కించి చూడగా మూడు దినములలోనే గిట్టవాపు పుట్టెను. కావున గిట్టలు వేడెక్కి, ముందుకాళ్లు చాచి వెనుకకు వ్రాలి నిలుచు గుర్రమును నడిపింపక, వెంటనే పశువైద్యుని పిలిపింపవలెను.

ముసలి గుర్రములకు వేఱొక గ్రంథివ్యాధి కలదు. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి అదుపు తప్పును. వేసవిలోను బొచ్చు రాలదు, వెన్నుకండ కరగును, దప్పి హెచ్చును. దీనికి పెర్గొలైడ్ అను మందు కలదు. ఎంత మంచి మేతయైనను ఆ మందునకు బదులు కానేరదు.

గిట్టవాపుగల గుర్రమునకు ఉలవలు, జొన్నలు, తవుడు, బెల్లము, గంజి మాన్పవలెను. తొలకరి పచ్చికలోనికి విడువరాదు. ఎండు గరిక ముఖ్యాహారము. 300 కిలోల గుర్రమునకు దినమునకు నాలుగున్నర కిలోలు తూచి, మూడు నాలుగు మారులుగా వేయవలెను. కంటితో కొలచుట చాలదు. చేతికి దయ యెక్కువ. గడ్డిని చన్నీట ఒక గంట నానవేసిన తీపి కొంత తగ్గును. ఆ నీటిని పారబోయవలెను, గుర్రమునకు త్రాగింపరాదు. వరిగడ్డి యొక్కటే వేసినచో మాంసకృత్తులు చాలవు. వైద్యుడు చెప్పిన లవణమిశ్రమమును, కొలదిగా సోయాచెక్కయును చేర్పవలెను.

లావు తగ్గవలెనని పస్తుంచుట మఱింత ప్రమాదము. ఒంటిలోని క్రొవ్వు ఒక్కసారిగా రక్తములో కలిసి కాలేయమును చెఱచును, ప్రాణమే పోవచ్చును. బక్కచిక్కిన ముసలి గుర్రమునకు మాత్రము గింజలకు మాఱుగా నూనెను కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చును.